ముదురెరుపు గులాబీ ఎవరిది

ఆ పళ్ళ ల్యాబులో వీడ్కోలు సభలు ఉండవు. ఒకప్పుడు ఉండేవి. ఒకసారి అచ్చులు పోసే పెద్దాయన రిటైరవుతుంటే ఓనరు మైకు పట్టుకుని గంటన్నర వాయించాడు. ఆ గంటన్నరలో పెద్దాయన పేరు రెండుసార్లు తప్పు పలికాడు. పెద్దాయన ఏమీ అనుకోలేదు, ఎందుకంటే ఆయన అప్పటికే కుర్చీలో కునుకు తీస్తున్నాడు. మర్నాడు అందరూ కలిసి ఒక మాట అనుకున్నారు. ఇకమీదట ఎవరు మానేసి వెళ్తున్నా ఉపన్యాసాలు వద్దు. తలా ఒక గులాబీ తెచ్చి చేతులు కడుక్కునే సింకు పక్కనున్న స్టీలు బకెట్లో పెట్టాలి. పేరు రాయకూడదు, నోరు విప్పకూడదు. చెప్పాల్సింది పువ్వు రంగే చెప్పాలి.

ఇంకో చోటయితే ఇలాంటిది నాలుగు రోజుల్లో అటకెక్కేది. ఇక్కడ పదహారేళ్ళుగా నడుస్తోంది. వీళ్ళు రంగుల మీద బతికే మనుషులు మరి. మనబోటి వాళ్ళకు తెలుపంటే తెలుపే. వీళ్ళకు పదహారు తెలుపులు. విరిగిన పన్నుకు పింగాణీ క్యాపు చేయాలంటే పక్కపన్ను ఏ తెలుపో కనిపెట్టాలి. అందులో బూడిద పాలెంతో, పసుపు పాలెంతో చూసుకుని పొడి కలపాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా నవ్వగానే ఆ ఒక్క పన్ను అరువు తెచ్చుకున్నట్టు బయటపడుతుంది.

ఆ పని చేసేది రంగులమ్మ. అసలు పేరు జీతం చీటీ మీదే ఉండేది, నోటితో ఎవరూ పిలిచిన పాపాన పోలేదు. గులాబీల పట్టిక రాసిందీ ఆవిడే. వీధి చివర పూలకొట్టావిడను కూర్చోబెట్టి ఏ రంగుకు ఏ అర్థమో అడిగి తెలుసుకుని, కాగితం మీద రాసి, స్టోరు బీరువా తలుపు లోపలి వైపు అతికించింది. ఎరుపు ప్రేమ. గులాబీరంగు కృతజ్ఞత. తెలుపు గౌరవం. పసుపు స్నేహం. నారింజ అంటే నీలాంటి పనిమంతులు లేరని మెచ్చుకోలు. ముదురెరుపు దగ్గర మాత్రం పూలకొట్టావిడ మాట ఆమెకు నచ్చలేదు. తీరని దుఃఖం అందావిడ. ఉద్యోగం మానేసి ఇంటికి పోయే మనిషి చేతిలో దుఃఖం పెట్టి పంపుతామా అని రంగులమ్మ దాన్ని కొట్టేసి, 'తప్పు చేశాను, క్షమించు' అని రాసింది. ఈ ల్యాబులో పోట్లాడుకోవడం వచ్చినంత బాగా క్షమించమనడం ఎవరికీ రాదు, పువ్వయినా అడుగుతుందిలే అంది. ఇన్నేళ్ళలో ముదురెరుపు పెట్టిన మనిషి లేడు. ఎరుపు మాత్రం ఒకసారి వచ్చింది, ఆ ఇద్దరికీ ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

రంగులమ్మకు ఉత్తరం కిటికీ దగ్గర బల్ల. ల్యాబు మొత్తంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మారని వెలుతురు ఉండేది అక్కడొక్కచోటే. ఆమె వెనక, ట్యూబులైటు కింద, వదిన బల్ల. నిజం వదిన కాదు. ఇద్దరూ ఒకే నెలలో చేరారు, మొదటివారం నుంచే ఒకరినొకరు వదినా అనుకున్నారు, ఇరవై రెండేళ్ళయింది. రంగులమ్మకు పిల్లల్లేరు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. ఆయన పోయాక పదిహేను రోజులూ వదినే పక్కన పడుకుంది, వదినే తినిపించింది. రంగులమ్మకు ఈ భూమ్మీద నా అనుకునే మనిషి ఎవరంటే ఆమే.

అందుకే కళ్ళ సంగతి ఆమెకొక్కతెకే చెప్పింది.

"మంచులోంచి చూస్తున్నట్టుంది వదినా. అన్నిటికీ పసుపు పూసినట్టు కనపడుతోంది. డాక్టరు శుక్లాలన్నాడు. ఆపరేషనుకి నాలుగు నెలలు ఆగాలంట. ఓనరుకి తెలిస్తే ఇవాళే లేపేస్తాడు."

"తెలిస్తేగా! నాలుగు నెలలెంత, కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతాయి. నువ్వు చేసిన ప్రతి పన్నూ మన బల్లల మధ్య ట్రేలో పెట్టు. నేను చూసి, బాగుంటే డాక్టర్లకు పంపే డబ్బాలో వేస్తా. తేడా ఉంటే నీకే వెనక్కిస్తా. మూడోకంటికి తెలిస్తే నన్నడుగు" అంది వదిన.

రంగులమ్మ ఆ రోజు ఇంటికెళ్ళి కడుపునిండా ఏడ్చింది. కష్టానికి కాదు, అలాంటి మనిషి దొరికినందుకు.

రెండు నెలలు పని సాఫీగా సాగింది. తర్వాత ఒక క్యాపు వెనక్కొచ్చింది. తర్వాత ఇంకోటి. ఆరు వారాల్లో ఎనిమిది. ఒక పంతులమ్మ కొత్తపన్ను పెట్టించుకున్నాక పిల్లల ముందు నోరు తెరవనని మొండికేసిందని డాక్టరు ఫోను చేసి మరీ తిట్టాడు. రంగులమ్మకు తల కొట్టేసినట్టయింది. అయినా వదిన మీద పల్లెత్తు మాట అనలేదు సరికదా, ఆమెనే ఓదార్చింది. "నీ తప్పేముంది వదినా, నీ పని నీకుంది. పైన నా తిప్పలు కూడా నీ నెత్తిన పెట్టాను" అంది. వదిన కళ్ళు తుడుచుకుంది.

ఓనరు పిలిచి తలుపు వేశాడు. చెడ్డవాడేం కాదు, మాట్లాడ్డం మొదలుపెడితే ఆపలేడు, అంతే. ఆ రోజు మాత్రం నాలుగు మాటల్లో తేల్చేశాడు.

"మీ కళ్ళ సంగతి ముందే చెప్పాల్సిందమ్మా. చెప్పకుండా కూర్చున్నారు చూడండి, అదే బాధగా ఉంది. శుక్రవారంతో ఆపేద్దాం."

"ఎవరు చెప్పారండీ?"

"అది వదిలేయండి."

ఎలా వదిలేస్తుంది? కిటికీ పోయింది, చేతిలో పని పోయింది, ఆపరేషను ఇంకో రెండు వారాలుందనగా పోయింది. రెండు వారాలు ఎవరైనా నోరు కట్టుకుని ఉంటే మళ్ళీ మునుపటి కళ్ళతో కూర్చునేది. ఎవడో ఓర్వలేక నోటిదగ్గర కూడు లాగేశాడు. ఎవడు?

ఆమె మనసు తిన్నగా మైనం అన్నయ్య మీదికి పోయింది. ఆయన మైనంతో పళ్ళ నమూనాలు చెక్కుతాడు. మాట తక్కువ, ముఖం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది. ఆయన చెక్కిన తురుము గాలికి వచ్చి ఆమె పింగాణీ పొడిలో పడుతోందని ఇద్దరికీ ఏళ్ళ తరబడి కీచులాట. నెల కిందట ఆయన ఆమె బల్ల దగ్గర ఆగి, "చెల్లెమ్మా, కళ్ళు ఎక్కడైనా చూపించుకున్నావా?" అని అడిగాడు. ఆమె "నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి" అని తోలేసింది. వదినతో చెబితే, "వాడి కన్ను నీ మీద పడిందంటే జాగ్రత్తే" అంది.

శుక్రవారం సాయంత్రం బకెట్లో పదకొండు గులాబీలు. రంగులమ్మ ఒక్కొక్కటీ తీసి కిటికీ వైపు పట్టుకుంది. ఆమెకు తెలుపేదో లేతపసుపేదో తేలడంలేదు. వదిన పక్కన నిలబడి మెల్లగా చెప్పింది.

"ఇది తెలుపు. ఇదీ తెలుపే. ఇవి ఆరూ గులాబీరంగు. ఇది నారింజ, పింగాణీ కాల్చే కొలిమి దగ్గర పిల్లదయ్యుంటుంది. పసుపు నాది, నాదని చెప్పకూడదు గానీ చెబుతున్నా." ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. చివరికి వదిన నవ్వు ఆపి, "ఇదేంటి?" అంది.

దానికి వదిన కళ్ళు అక్కర్లేదు. మంచు పట్టిన కళ్ళకు కూడా ముదురెరుపు ముదురెరుపే.

"చూశావా! ఎవరో తప్పు ఒప్పుకున్నారు" అంది వదిన.

ఎవరో తెలుసుకోవడానికి రంగులమ్మకు నిమిషం పట్టలేదు. కాడ తడిమి చూసింది. ముళ్ళన్నీ సన్నటి చాకుతో గీకేసి నున్నగా ఉంది. కోసిన చోట నీరు కారకుండా మైనంలో ముంచి ఉంది. అలా చేసే చేతులు ఆ ల్యాబులో రెండే. అరికాలి మంట నెత్తికెక్కింది. పువ్వు పట్టుకుని నేరుగా మైనం అన్నయ్య బల్ల దగ్గరికి వెళ్ళింది. అందరూ చేతిలో పని ఆపి చూశారు.

"ఈ పువ్వు మీదేనా అన్నయ్యా?"

ఆయన దీపం మంట తగ్గించి లేచి నిలబడ్డాడు. "నాదే."

"అంటే తప్పు చేశారన్నమాట."

"చేశాను."

"నా పొట్ట కొట్టి నా చేతిలో పువ్వు పెడతారా? సిగ్గులేదా మీకు? ఇన్నేళ్ళు అన్నయ్యా అన్నాను. ఇంటికెళ్ళి అద్దంలో ఎలా చూసుకుంటారో చూసుకోండి!" అని పువ్వును విరిచి ఆయన కాళ్ళ దగ్గరున్న చెత్త ప్లాస్టరు డబ్బాలో కొట్టింది.

ఆయన నోరు తెరిచాడు. ఆమె భుజం మీదుగా వెనక నిలబడ్డ వదిన వైపు చూశాడు. మళ్ళీ నోరు మూసుకుని కూర్చున్నాడు. వదిన రంగులమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసి, "రా వదినా, అలాంటి వాళ్ళతో మనకేంటి" అని నడిపించుకుని వెళ్ళింది. రంగులమ్మ ఆ చేతిమీద తల వాల్చి మెట్లు దిగింది.

ఆపరేషను బాగానే జరిగింది. ముందు కుడికన్ను. పట్టీ విప్పాక ఆమె మొదట చూసింది తన గది గోడ. ఇన్నాళ్ళూ మీగడరంగు అనుకున్నది తెల్లటి గోడ! మంచం పక్కన గాజుగ్లాసులో వదిన పెట్టిన పసుపు గులాబీ, వాడిపోయినా సరే, పసుపంటే ఇదీ అన్నట్టు కనిపించింది. చిన్నపిల్లలా సంబరపడింది. మిగతా పది పువ్వులూ ఎప్పుడో పారేసింది, దాన్ని మాత్రం ఉంచుకుంది.

కంట్లో రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు పడాలి. వంగకూడదు, కంటికి చెయ్యి తగలకూడదు. అన్నిసార్లూ వదినే వచ్చింది. పనికెళ్ళే ముందొకసారి, భోజనం వేళ ల్యాబు నుంచి పరుగున ఒకసారి, సాయంత్రం, పడుకునే ముందు. వచ్చినప్పుడల్లా చేతులు సబ్బుతో కడుక్కునేది, రెప్ప లాగి సూటిగా ఒక్క చుక్క వేసేది, కారిన దాన్ని దూదితో అద్దేది. కిటికీ దగ్గర ఇప్పుడు ఎవరున్నారని అడిగితే, "నేనే. నీ కుర్చీ నేను కాపాడుతున్నా. నీ కళ్ళు చూశాక ఓనరే పిలుస్తాడు, చూడు" అంది. రంగులమ్మ ఆ మాట పట్టుకుని రోజులు లెక్కపెట్టుకుంటోంది.

పదకొండో రోజు పొద్దున తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే మైనం అన్నయ్య. చేతిలో అట్టపెట్టె. అందులో ఆమె ఏప్రను, టీ కప్పు, నమూనా పళ్ళు వరసగా గుచ్చిన షేడు పట్టీ.

"ఓనరు ఇచ్చి రమ్మన్నాడు" అన్నాడు. ఆమె రండి అనలేదు. ఆయనా అడుగు లోపల పెట్టలేదు. పెట్టె గుమ్మంలో దించి కూడా కదల్లేదు.

"ఇంకా ఏమన్నా మిగిలిందా?" అంది కటువుగా.

"ఒక మాట మిగిలిపోయింది. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. ఆ తర్వాత నిద్రపట్టి చావడంలేదు." ఆయన చెప్పులున్న వైపు చూస్తూ మాట్లాడాడు. "ఓనరుకి నేనేమీ చెప్పలేదు చెల్లెమ్మా."

"మరి తప్పు చేశానన్నారు?"

"చేశాను. చూసి ఊరుకున్నాను. మీ ఇద్దరి మధ్య ట్రే ఉండేది చూడు, అందులోంచి మీ వదిన పన్ను తీసింది. నీ వెనక నిలబడి కిటికీ వెలుతుర్లో పట్టుకుంది. షేడు పట్టీ పక్కన పెట్టి చూసింది. సరిపోలేదని తల అడ్డంగా ఊపింది. ఊపి, తీసుకెళ్ళి పంపే డబ్బాలో వేసింది. ఒకసారయితే పొరపాటు అనుకుందును. మూడుసార్లు చూశాను. నువ్వేమో పక్కనే వంచిన తల ఎత్తకుండా కలుపుకుంటున్నావు. అప్పుడే నీకేదో కళ్ళ బాధ ఉందని అర్థమైంది. వచ్చి అడిగాను. నువ్వు లేదన్నావు. ఆడవాళ్ళ మధ్య నాకెందుకులే అని నోరు మూసుకున్నాను."

"అబద్ధం" అంది రంగులమ్మ.

"నీ పట్టికలో చూసి ఊరుకున్నవాడికి వేరే రంగు లేదు. ఉన్నవాటిలో ముదురెరుపే దగ్గరగా అనిపించింది. అదే పెట్టాను." ఆయన వెనక్కి తిరిగి రెండు మెట్లు దిగాడు. ఆగి, "నామీద కోపం ఉంచుకో, పర్లేదు" అని వెళ్ళిపోయాడు.

ఆమె తలుపు వేసి మంచం మీద కూర్చుంది. అబద్ధం, అబద్ధం అనుకుంది చాలాసేపు. అనుకుంటూనే కూడింది. కళ్ళ సంగతి చెప్పింది ఒక్కరికి. ట్రే ముట్టుకునేది ఒక్కరు. ఎనిమిదిట్లో ఒక్కటి కూడా వదిన చేతిలోంచి వెనక్కి రాలేదు. పదహారు తెలుపులూ నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి ఎనిమిదిసార్లు వరసగా పొరబడుతుందా? ఎలా కూడినా లెక్క అక్కడికే వస్తోంది. మైనం అన్నయ్యను పదిమందిలో అన్న మాటలు ఒక్కొక్కటీ తిరిగొచ్చి తనకే తగిలాయి. ఆయన క్షమించమన్న పువ్వును విరిచి చెత్తలో వేసింది. నమ్మించి గొంతు కోసిన దాని పువ్వును మాత్రం గ్లాసులో నీళ్ళు పోసి మంచం పక్కన పెట్టుకుంది.

భోజనం వేళకు వదిన ఎప్పటిలాగే వచ్చింది. మెట్లెక్కి ఆయాసపడుతూ, "ఎండ మాడ్చేస్తోంది" అంటూ నేరుగా కొళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. గుమ్మం పక్కన అట్టపెట్టె చూసింది.

"ఎవరొచ్చారు?"

"మైనం అన్నయ్య."

వదిన చేతులు తుడుచుకోవడం ఆపలేదు. ఒక్కో వేలూ తుడుచుకుంది. "ఏమన్నాడు?"

"తల అడ్డంగా ఊపి డబ్బాలో వేశావంట."

అబద్ధమని ఒక్క మాట అంటే చాలు. రంగులమ్మ ఆ మాట కోసం ఎదురుచూసింది. నమ్మడానికి కూడా సిద్ధంగానే ఉంది, అంత పిచ్చిది. వదిన తువ్వాలు మడిచి కుర్చీ మీద వేసి ఎదురుగా కూర్చుంది.

"వేశాను. ఓనరుకి చెప్పిందీ నేనే."

రంగులమ్మ చూపు గ్లాసులోని పసుపు గులాబీ మీదికి పోయింది.

"ఇరవై రెండేళ్ళు వదినా" అంది వదిన. గొంతు పెంచలేదు. "నువ్వు కిటికీ దగ్గర. నేను నీ వీపు చూస్తూ ట్యూబులైటు కింద. నేను చేసిన పన్ను బాగుంటే కూడా డాక్టర్లు ఫోన్లో 'రంగులమ్మ చేసిందా' అనేవాళ్ళు. సరే, నువ్వు గొప్ప పనిమంతురాలివి, ఒప్పుకున్నా. ఆ రెండు నెలలేమో కళ్ళు నావి. రోజూ నువ్వు కలిపిన దాంట్లో సగం వెనక్కిచ్చి దిద్దించాను. అప్పుడూ 'రంగులమ్మ చేసిందా, అందుకే' అన్నారు. నువ్వు ఫోను పెట్టేసి నవ్వుకుంటూ కూర్చున్నావు. నా వైపు తిరిగి చూడలేదు. ఆ రోజు తీసిన పన్ను వెనక్కివ్వబుద్ధి కాలేదు."

"నన్ను అడగొచ్చుగా. లేచి నీకిచ్చేదాన్ని."

"ఇచ్చేదానివా?"

రంగులమ్మ ఇచ్చేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా అది వేరు, ఇది వేరు. అడిగితే కాదనడం ఒక తప్పు. వెనక కూర్చుని కళ్ళు లేని మనిషి కాళ్ళ కింద గొయ్యి తవ్వడం ఇంకో తప్పు. వాటిని ఒకే గాట కట్టడానికి ఆమె మనసు ఒప్పుకోలేదు.

"మరి పసుపు ఎందుకు పెట్టావు? తెలుపు పెట్టి ఊరుకోవచ్చుగా."

వదిన నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఎందుకేంటి? నువ్వు నా స్నేహితురాలివి కాదా? కిటికీ కావాలనుకున్నాను గానీ నిన్ను వద్దనుకున్నానా? ఆ పువ్వులో అబద్ధం లేదు వదినా. ఉంటే రోజూ నాలుగుసార్లు ఈ మెట్లు ఎందుకు ఎక్కుతాను?"

రంగులమ్మ ఆ ముఖంలోకి చూసింది. కొత్త కన్ను, ఏ మంచూ లేని కన్ను. ఎంత వెతికినా ఆ ముఖంలో నటన కనిపించలేదు. పగతో చేసుంటే తిట్టి తరిమేసేది, ఊపిరి పీల్చుకునేది. ఇది పగ కాదు. ఇరవై రెండేళ్ళు తనను ప్రేమించిన మనిషే, ప్రేమిస్తూనే, చల్లగా ఎనిమిదిసార్లు చేసిన పని. దాన్ని ఏమని పిలవాలో, ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

"అన్నయ్యను పదిమందిలో అంత మాటంటుంటే నా భుజం మీద చెయ్యేసుకుని నిలబడ్డావే" అంది చివరికి.

వదిన తల దించుకుంది. గోడ గడియారం చూసి లేచి, అలవాటు కొద్దీ బల్ల మీది మందు సీసా అందుకుంది.

"వేళ దాటిపోతోంది. నామీద ఎంత కోపమున్నా కన్ను పాడుచేసుకోకు. తల పైకెత్తు."

రంగులమ్మ చెయ్యి చాపింది. వదిన అర్థంకాక సీసా ఆ చేతిలో పెట్టింది. ఆమె మూత తీసి, తల వెనక్కి వాల్చి, ఎడంచేత్తో రెప్ప లాగి పిండింది. మొదటి చుక్క కనుబొమ మీద పడింది. రెండోది ముక్కు మీద. మూడోది చెంప మీదుగా కారి మెడలోకి దిగింది. వదిన చప్పున దూది తీసుకుని ముందుకు వంగింది.

"ముట్టుకోకు" అంది రంగులమ్మ. సీసా మళ్ళీ ఎత్తి నాలుగో చుక్క కోసం తల వాల్చింది.